కాఫీతోటలో నీడ యే చెట్టుది?

హనుమాన్ జంక్షన్‌లో విజయవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ దారులు కలియును గనుక, పక్షులను చూడగోరు మా ప్రాంతీయులలో అధికులు గుడివాడ దారి పట్టి, కైకలూరు కడనున్న ఆటపాకకు పోయి, కొల్లేటి గూడబాతులను చూచి తృప్తులై తిరిగివత్తురు. ఆ సరస్సు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సర్ జాబితా కెక్కినది. అంతటి గౌరవమునకు తగినదే. కాని చలికాలమున ఏలూరు దారిన అరకు విహారమునకు బయలుదేరిన మనవారే, అనంతగిరి ఘాట్‌లో బండి దిగి బొంగుచికెన్ కొరకు నిరీక్షించునపుడు, తలపైని కొమ్మన కూర్చున్న జానెడైన లేని పిట్టను కన్నెత్తి చూడకుండుట నాకు వింతగా తోచును.

దానిని ఆంగ్లమున వెర్డిటర్ ఫ్లైకాచర్ అందురు. రైతు బోర్డో మిశ్రమమునకై తొట్టిలో మైలుతుత్తము కరగించునపుడు కనబడు పచ్చదనము కలసిన నీలమే దాని మేనివన్నె. మగపిట్టకు కంటికిని ముక్కునకును నడుమ నల్లని మచ్చ కలదు, ఆడుపిట్టకు ఆ నలుపును, ఆ వన్నెయు కొంత వెలసియుండును. వేసవిలో హిమాలయ సానువులయందు గట్ల సందులలో నాచుతో గూడు కట్టి పిల్లలను సాకి, శీతకాలమునకు తూర్పుకనుమల వఱకు దిగివచ్చు నీ పక్షి పొదలలో దాగునది కాదు; ఎత్తైన చెట్టు కొననో, ఆకులు రాలిన ఎండుకొమ్మనో, కడకు కరెంటు తీగనో ఆసనముగా చేసికొని నిటారుగా కూర్చుండి, పురుగు కంటబడినంతనే గాలిలోనికి దూకి ముక్కున కఱచుకొని మరల కొమ్మ చేరును. దాని బంధువగు టికెల్స్ బ్లూ ఫ్లైకాచర్ నడత వేరు: నీలపు వీపును, నారింజవన్నె ఱొమ్మును గల ఆ పిట్ట, వాగుల వెంబడి వెదురు నీడలలోనే మెలగుచు, మనిషి యెత్తు కొమ్మలపై కూర్చుండి వేటాడును.

ఈ కొండల పక్షులకు ఈశాన్యపు టడవులతో గల చుట్టరికమును విశాఖపట్నపు పక్షిశాస్త్రజ్ఞులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు, అమెరికావారగు డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్‌లతో కూడి పరిశోధించిరి; ఇచట దొరకిన అబ్బాట్స్ బాబ్లర్ ఉపజాతికి 1985లో ఆయన పేరే పెట్టబడినది.

ఇపుడు ఆ కొండలపై కాఫీ విస్తరించుచున్నది, కాఫీకి నీడగా ఆస్ట్రేలియా నుండి వచ్చిన సిల్వర్ ఓక్ విస్తరించుచున్నది. గిరిజన రైతును తప్పు పట్టజాలము. ఆ చెట్టు త్వరగా ఎదుగును, మిరియపు తీగ నెక్కించుటకు నిటారైన మ్రాను నిచ్చును, కలపగా అమ్ముడుపోవును. మన మైలుతుత్తపు పిట్ట దాని కొనపై సైతము కూర్చుండగలదు, ఆ మాట దాచవలసిన పని లేదు. చిక్కంతయు దిగువనే యున్నది: పనస, నేరేడు, మామిడి వంటి నానాజాతుల చెట్లును, వాటి క్రింది చీకటి పొదలును, వెదురును తొలగి, వరుసలుగా ఒకే చెట్టు నిలిచినచోట, టికెల్ పిట్ట వంటి నీడవాసులకు కూర్చుండ కొమ్మ కరవగును.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు ఊరిపేరును చెప్పును గాని నీడ యే చెట్టుదో చెప్పదు. కాఫీ కొనుచున్న గిరిజన సహకార సంస్థ, నానాజాతి నీడగల తోటల గింజలకు హెచ్చు ధర నొకదానిని నిర్ణయించి, పొట్లముపై ఆ సంగతి ముద్రించినయెడల, ఆ హెచ్చు మొత్తమును విజయవాడలోను, హైదరాబాదులోను కాఫీ త్రాగువారు చెల్లింతురు, చెల్లింపవలయును గూడ; అడవిని కాపాడు భారమును ఎకరమో రెండెకరములో గల రైతు ఒక్కనిపై మోపుట న్యాయము కాదు. తోటలోని చెట్లను లెక్కించుట గింజలను తూచుటకంటె కష్టమైన పనియు కాదు. ధర ముందుగా ప్రకటింపబడినచో, తొలకరికి గోతులు తీయునాటికే పనసయో సిల్వర్ ఓకో రైతే తేల్చుకొనును.