కోర్సు ఆపింది మనమేనా? ట్యాంకులో పోసింది ఎవరు?

ఆసుపత్రి గోడ మీద పోస్టర్ చూసే ఉంటారు. "యాంటీబయోటిక్ కోర్సు మధ్యలో ఆపకండి" అని. మంచి మాటే, కాదనం. కానీ తండా నుంచో, చెంచుగూడెం నుంచో, యానాదుల కాలనీ నుంచో వెళ్లిన మనిషిని చూడగానే "మీవాళ్లు మందులు సరిగా వాడరు, అందుకే పనిచేయట్లేదు" అంటారు చూడండి, అక్కడ ఆగాలి. తల దించుకుని బయటికి రాకండి. ఒక్క ప్రశ్న అడగండి: మిర్చి తోటలో ట్యాంకులకు ట్యాంకులు కొట్టిన యాంటీబయోటిక్ ఎవరి కోర్సు సార్?

మిర్చి, పత్తి వేసేవాళ్లకి స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం కొత్తేం కాదు. బాక్టీరియా ఆకుమచ్చ తెగులు వస్తే 10 లీటర్ల నీళ్లకి 1 గ్రాము, తోడుగా 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి కొట్టమంటారు. ఆ పొట్లంలో 9 పాళ్లు స్ట్రెప్టోమైసిన్, 1 పాలు టెట్రాసైక్లిన్. స్ట్రెప్టోమైసిన్ అంటే క్షయ మీద మొదటిసారి గట్టిగా పనిచేసిన మందు. టెట్రాసైక్లిన్ కుటుంబంలోదే స్క్రబ్ టైఫస్‌కి ఇచ్చే డాక్సీసైక్లిన్. మన ఒంటికి కావలసిన మందునే ఆకుల మీద కొడుతున్నాం. ఆకు మీద పడగా మిగిలింది మట్టిలోకే పోతుంది.

తమాషా ఏంటంటే ఈ మందులు పుట్టిందే మట్టిలో. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ని అమెరికాలో మట్టి బాక్టీరియా నుంచి తీశారు. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్ మిస్సోరీలోని ఒక గడ్డి మడి మట్టిలో దొరికింది. ఆ పరిశోధన నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మట్టిలో సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకోవడానికి ఈ మందులు చేసుకుంటాయి, వాటిని తట్టుకునే విద్య కూడా నేర్చుకుంటాయి. కెనడాలో 30 వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిలోనూ ఆ తట్టుకునే జన్యువులు కనిపించాయి. కాబట్టి "అడవి మట్టిలో కూడా ఉందిగా" అని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోండి. ఉంది. తేడా వచ్చేది ఆ నేలని మనిషి ఎలా వాడుతున్నాడన్న దగ్గర.

మందు పడ్డ చోట తట్టుకోలేని బాక్టీరియా చస్తుంది. తట్టుకున్నది మిగిలి పెరుగుతుంది. అంతటితో ఆగదు. ఆ జన్యువుని చిన్న ఉంగరం లాంటి డీఎన్ఏ ముక్కలో పెట్టి పక్క బాక్టీరియాకి ఇచ్చేస్తుంది. ఆ పక్కది మనిషికి జబ్బు చేసేది కావచ్చు. ఒక్కో ఉంగరంలో నాలుగైదు మందుల్ని తట్టుకునే జన్యువులు కలిసి ఉంటాయి. రాగిని తట్టుకునే జన్యువు కూడా వాటి పక్కనే ఉండొచ్చు. అందుకే ఒట్టి రాగి మందు కొట్టినా యాంటీబయోటిక్‌ని తట్టుకునేవి పెరిగే వీలుంది. యాంటీబయోటిక్ మేపిన కోళ్ల పెంట పచ్చిగా తోలినా అదే కథ.

ఇదంతా ఊహ అనుకోకండి. పటాన్‌చెరు దగ్గర 90 దాకా మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు తేల్చారు. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ తర్వాత అక్కడి వాగు మట్టిలో నిరోధక జన్యువులూ దండిగా దొరికాయి. అది శుద్ధి చేసిన నీళ్ల సంగతి, గుర్తుపెట్టుకోండి.

అమెజాన్‌లో అడవి కొట్టి మేతబీళ్లు, పొలాలు చేసిన చోట కూడా మట్టిలో ఈ జన్యువులు పెరిగాయి. "చూశారా, పోడు తప్పే" అని ఫారెస్టోళ్లు దీన్ని మన మీదికే తిప్పొచ్చు. అడవి పోతే మట్టి మారుతుంది, ఆ మాట మనమూ ఒప్పుకోవాలి. కానీ ఎరువు, మందు ఎరగని జొన్న చేనూ, పంట కాలమంతా మందు తాగే మిర్చి తోటా ఒకటేనా? చెంచు కోసం కాపలా పెట్టిన ప్రభుత్వం ఆ పొట్లం కోసం ఎక్కడ కాపలా పెట్టింది?

2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఒక ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. పంటల మీద స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ వాడకం 2024 జనవరి 1 నుంచి పూర్తిగా ఆపాలని అందులో ఉంది. ఆ మాట మీ ఊరి మందుల షాపు దాకా వచ్చిందా? వెళ్లి అడగండి.

నష్టం ఎవరికో చూడండి. ఏ మందు కొట్టాలో ఆసామీ, షాపాయన తేలుస్తారు. ట్యాంకు వీపున మోసేది మన తమ్ముడు. ఆ తోటలో బూట్లు, గ్లవ్స్ లేకుండా కాయ కోసి, ఆ చేతులతోనే అన్నం తినేది మన అక్క. మామూలు మందుకి లొంగని జబ్బు చేస్తే ఖరీదైన ఇంజెక్షన్ల కోసం అప్పు చేసేదీ మనమే.

మనవాళ్లూ కౌలుకి మిర్చి వేస్తున్నారు, మనమూ కొడుతున్నాం. ముందు అది ఆపుదాం. తామర పురుగుకి, వైరస్‌తో వచ్చే బొబ్బరకి ఈ పొట్లం ఏమీ చేయదు. అంటగడితే "ఇది పురుగుకా, బాక్టీరియాకా?" అని నిలదీయండి. కోళ్ల పెంట బాగా మాగబెట్టాకే చేలో వేయండి.

పల్నాడు షెడ్యూల్డ్ ఏరియా కాదు, నిజమే. కానీ 2006 అటవీ హక్కుల చట్టం ఇక్కడా చెల్లుతుంది. హక్కులున్న చోట నీటి వనరుల్ని, వాటి పరివాహక భూముల్ని కాపాడే అధికారం సెక్షన్ 5 గ్రామసభకి ఇచ్చింది. వెల్దుర్తి, బొల్లాపల్లి, మాచర్ల వైపు అడవి అంచు ఊళ్లలో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వచ్చే గ్రామసభలో మూడు తీర్మానాలు పెట్టండి: పంటల మీద యాంటీబయోటిక్ అమ్మకం ఆపాలి, మన వాగు నీళ్లూ చేల మట్టీ పరీక్షించి ఫలితం తెలుగులో మన చేతికివ్వాలి, పెండింగులో ఉన్న అటవీ హక్కుల దరఖాస్తులు తేల్చాలి. తీర్మానం కాపీ మీద సంతకాలు చేయించి, ఒకటి మీ దగ్గర ఉంచుకుని, ఇంకొకటి నరసరావుపేట కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.