ఓసీ గుంతకూ పని చెప్పండి

హనుమకొండ నుంచి భూపాలపల్లి బస్సెక్కితే ఊరు రాకముందే చేల్పూరు పొగగొట్టాలు ఎదురవుతాయి. కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండు. దగ్గర్లోనే సింగరేణి కేటీకే గనులు. ఉమ్మడి వరంగల్‌కు బొగ్గంటే ఇదే: కరెంటు, జీతం, కిరాణా కొట్టుకు గిరాకీ, దండెం మీది బట్టలకు నల్లదుమ్ము.

అందుకే చేల్పూరును రేపే మూసెయ్యమని మేం అనం. రాత్రి ఎనిమిదింటికి సూర్యుడుండడు, ఇంట్లో ఫ్యాను మాత్రం తిరగాలి. కానీ కొత్త బొగ్గు యూనిట్ ఒక్కటీ వద్దు. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉండగా, జైపూర్‌లో మరో 800, రామగుండంలో ఇంకో 800 అంటున్నారు. రామగుండం-బి 1971లో మొదలై 2024లో ఆగింది. థర్మల్ యూనిట్ ఒకసారి లేస్తే అన్నేళ్లు మనల్ని కట్టిపడేస్తుంది.

ఆ డబ్బు పగటి సౌర విద్యుత్తును రాత్రికి దాచడానికి పెట్టాలి. ఈ విద్య మనకు కొత్త కాదు. శ్రీశైలం ఎడమగట్టున 900 మెగావాట్ల టర్బైన్లు కిందికి దిగిన నీటినే మళ్లీ పైకి తోడగలవు; పగలు తోడిన నీరు రాత్రి దిగితే మళ్లీ కరెంటే. బొగ్గు తీసేసిన ఓపెన్‌కాస్ట్ (ఓసీ) గుంతల్లోనూ ఇదే పని చేయవచ్చు. మేడిపల్లి ఓసీలో చేద్దామన్న ఆలోచన సింగరేణిదే. కాగితం దాటాలి. ఇక వ్యవసాయ మోటర్లు. 2018 జనవరి 1 నుంచి వాటికి 24 గంటలూ ఉచిత కరెంటని ప్రకటించారు. రైతు అడిగేది మాత్రం పగటి కరెంటు; పాములు, తేళ్ల మధ్య అర్ధరాత్రి స్టార్టరు నొక్కాలని ఎవరికుంటుంది? సబ్‌స్టేషన్ల పక్కనే సోలార్ పెట్టి ఆ ఫీడర్లను పగలు నడిపే బాధ్యతను హనుమకొండలో కొలువున్న ఉత్తర డిస్కం తీసుకోవాలి.

ఉద్యోగాల మాటేమిటంటారా? 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు, ఇప్పుడు నలభై వేల చిల్లర. ఆ కొలువులు తిన్నది సోలార్ పలకలు కావు, ఓపెన్‌కాస్ట్ యంత్రాలు. అయితే సోలార్ కూడా అంతమందికి అన్నం పెట్టదు, ఆ నిజం దాచకూడదు. కాబట్టి జిల్లా ఖనిజ నిధి సిమెంటు రోడ్లకు కాక గని పిల్లల చదువుకూ, కొత్త పనుల శిక్షణకూ వెళ్లాలి.

2024 ఆగస్టులో పాల్వంచలో పాత కేటీపీఎస్ థర్మల్ కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని క్షణాల్లో పేల్చేశారు. గని మూత అలా ఉన్నట్టుండి మీద పడకూడదు. భూపాలపల్లిలో ఏ గని ఎప్పుడు మూతపడుతుందో, అందులోని కార్మికుడు ఎక్కడికి వెళ్తాడో, ఆ భూమిలో ఏం వస్తుందో సింగరేణి ఇప్పుడే రాసి, తెలుగులో, గని గేటు దగ్గర అంటించాలి.