పిత్రార్జితమైన పొలము



మొన్న ఆరాధన ముగిశాక ఒక సహోదరుడు, "అయ్యగారూ, మా రెండెకరాలు ఉప్పునీటి రొయ్యల చెరువుకు కౌలుకిమ్మంటున్నారు. వరికంటే ఎక్కువ వస్తుంది. అమ్మాయి పెళ్లి ఉంది, ప్రార్థన చేయండి" అన్నాడు. అతని అవసరం నిజమైనదే.

అయితే మన గోదావరి డెల్టాలో ఉప్పునీరు గట్టు దగ్గర ఆగదు. ఊటగా పొరుగువాని మడిలోకి దిగి నారును మాడ్చివేస్తుంది, బావినీరు ఉప్పనవుతుంది. కౌలు తీరాక మంచినీటితో నేలను కడిగి, జిప్సం వేసి, జీలుగ పెంచి కలియదున్నినా, వరి మునుపటిలా పండడానికి ఏండ్లు పడుతుంది. తీరప్రాంత వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా ఆ తరువాత చెరువులు పెరుగుతూనే వచ్చాయి.

అహాబు రాజు వెల ఇస్తానన్నా నాబోతు తన పిత్రార్జితమును ఇవ్వలేదు (1 రాజులు 21). అది తన పితరులది, తన పిల్లలది కూడా అని అతడెరుగును.

"సంతకం పెట్టకముందు గట్టు పక్క రైతుతో మాట్లాడు" అని ఆ సహోదరునితో చెప్పాను. మరి మన మాటేమిటి? పెళ్లిళ్లలో ఆడంబరం తగ్గించితే ఎన్ని పొలాలు నిలుస్తాయో సంఘముగా ఆలోచించుదము. పందిరి ఒక్కరోజుది, పొలము తరతరాలది.

ప్రభువు మీ గృహములను, మీ పొలములను కాపాడును గాక.