జడ గీయని పెళ్ళికూతురు

బొమ్మలు వేసే పాఠకులు ఈమధ్య ఎక్కువయ్యారు. అందులోనూ పెళ్ళికూతుళ్ళ బొమ్మలే ఎక్కువ! సినిమాల్లో కాస్ట్యూమ్ డిజైనర్ అయిపోదామని ఒకరికి, అక్కయ్య పెళ్ళిచీర తనే గీసిచ్చి నేయిద్దామని మరొకరికి. బాగానే వుంది. కానీ ఒక్కమాట అడగనివ్వండి... ఆ పిల్లది ఏ వూరండీ?

లెహంగా, బండిచక్రమంత ముక్కునత్తు, తలమీద మేలిముసుగు. కింద మాత్రం ‘మన సంప్రదాయ వధువు’ అని పేరు! ఉత్తరాది పెళ్ళిళ్ళలో ఆ వేషం అందమే, కాదనను. మన పిల్లకి ముసుగేస్తే మాత్రం అసలు సరుకంతా దాని కింద పడిపోతుంది. తలవెనక రాగిడి, నడుం దాటే పూలజడ, చివర జడగంటలు... తెలుగు పెళ్ళికూతురి సింగారంలో సగం వెనకవైపే వుంటుంది. పెళ్ళికి వెళ్తే ఫోటోగ్రాఫర్ పక్కన తోసుకోకండి. పీటల వెనక కూర్చుని చూడండి. జడ బరువుకి మెడ ఎలా నిలుస్తుందో, వడ్డాణం కింద కుచ్చిళ్ళు ఎక్కడ విచ్చుకుంటాయో అక్కడే తెలుస్తుంది.

చీరలన్నీ ఒకేలా గీసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. కంచిపట్టు బరువు. ఒంటికి అంటుకోదు, మడత నిలువుగా దిగుతుంది. ఒంటి రంగూ అంచు రంగూ కలిసేచోట కత్తితో కోసినట్టు గీత వుంటుంది. గద్వాల చీరకి ఒళ్ళు నూలు, అంచూ చెంగూ పట్టు. అంటే ఒకే చీరలో రెండు రకాల మడతలన్నమాట! పోచంపల్లి అలా కాదు. నేతకి ముందే నూలుకి రంగులద్దుతారు కనక పువ్వు అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. దాన్ని స్కేలు పెట్టి గీశారో, అచ్చుగుడ్డ అయిపోతుంది.

అన్నిటికన్నా కష్టం మధుపర్కాలు. తెల్లకాగితం మీద తెల్లబట్ట! చాలా సినిమాల్లో వీటిని పక్కనబెట్టి ఎర్రపట్టు కట్టించేస్తారు, తెరమీద ధగధగలాడాలని. మీరు అలా తప్పించుకోకండి. తెల్లచీర గీయడమంటే అంచు గీయడమే. అంచు ఎక్కడ విరిగితే అక్కడ మడత, ఎక్కడ వంగితే అక్కడ మోకాలు. రంగుల పెట్టె అవసరమే లేదు.

నలుపూ తెలుపూ చాలదంటారా? 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. కళాదర్శకులు గోఖలే, కళాధర్. 2010లో ఆ సినిమాకి రంగులద్దారు గానీ, అంతకుముందు యాభై ఏళ్ళూ శశిరేఖ సింగారానికి రంగు లేని లోటు ఎవరికీ తెలియలేదు. పైగా అందులో పెళ్ళికూతురి వేషంలో వున్నది ఘటోత్కచుడు! నగలు వేసుకున్నదీ, చీర కట్టుకున్నదీ అదే సావిత్రి. చూపూ నడకా మారాయంతే, మాయ శశిరేఖ వేరే మనిషైపోయింది. మీ బొమ్మలో నగలు లెక్కపెట్టి గీశారు సరే, పిల్ల ఎలా కూర్చుంది? నుదుట బాసికం, నెత్తిన జీలకర్రా బెల్లం వుంటే తల నిటారుగా నిలబడుతుందా? చాలామంది బాపు బొమ్మ అంటూ ఆ పెద్దకళ్ళు ఎత్తుకొస్తారు. తల వంపు మాత్రం అక్కడే వదిలేసి వస్తారు.

ఇక ‘బొమ్మలు కూడు పెడతాయా?’ అనే నాన్నగార్లకి ఒక కబురు. భాను అథైయా బొంబాయిలో ఈవ్స్ వీక్లీ పత్రికకి ఫ్యాషన్ బొమ్మలు వేస్తూ సినిమాల్లోకొచ్చారు. ‘గాంధీ’ దుస్తులకి జాన్ మొల్లోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకున్నారు. ఆస్కార్ గెలిచిన మొదటి భారతీయురాలు ఆవిడే. నాన్నగారు అప్పటికీ వినకపోతే అమ్మగారి పెళ్ళిఫోటో అడిగి తీసుకోండి. అది చూసి ఆవిడ బొమ్మ వేసి చూపించండి, జడతో సహా.