దవడ ఎక్స్‌రే ఎవరి కోసం?

యాభై దాటిన స్త్రీ పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే చాలాసార్లు ఓపీజీ తీయిస్తారు. రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే ఫిల్ములో కనిపించే ఎక్స్‌రే అది. అందులో పుచ్చిన పన్ను చూస్తారు, ఇంప్లాంటుకి ఎముక సరిపోతుందా అని చూస్తారు. అదే ఫిల్ములో కింది దవడ అడుగు అంచు కూడా ఉంటుంది. దాన్ని చూసి ఆమెకి చెప్పే డాక్టర్లు ఎంతమంది?

ఎముకలు గట్టిగా ఉన్నప్పుడు ఆ అంచు మందంగా, నున్నగా ఉంటుంది. గుల్లబారుతున్నకొద్దీ పలచబడి, కొరికేసినట్టు కనిపిస్తుంది. 1994లోనే ఫిన్లాండ్‌లో క్లెమెట్టి బృందం ఈ మార్పుని మూడు తరగతులుగా విడదీసింది. తర్వాత మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నాయకత్వాన జరిగిన ఆస్టియోడెంట్ పరిశోధన 45-70 ఏళ్ళ స్త్రీలను పరిశీలించింది. అంచు మందం 3 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఎముకల పరీక్షకి పంపాలని ఆ పరిశోధకులు సూచించారు.

దీనితోనే జబ్బు ఉందని తేల్చలేం. అంచు బాగున్నంత మాత్రాన ఎముకలు బాగున్నాయనీ అనలేం. అది డెక్సా స్కాన్‌లో తేలాలి. ఇందుకోసమే కొత్తగా ఓపీజీ తియ్యమని కూడా మనం అడగడం లేదు. అలా అడిగితే ఇంకో ప్యాకేజీ పుట్టుకొస్తుంది. ఎలాగూ తీసిన ఎక్స్‌రేలో, ఆమె డబ్బు కట్టిన ఎక్స్‌రేలో కనిపించేది ఆమెకి చెప్పమంటున్నాం.

‘మాది పళ్ళ వరకే’ అనే జవాబు మనకి కొత్త కాదు. పిల్లల్ని కనే వయసులో మన శరీరం మీద అందరికీ శ్రద్ధే, కుటుంబ నియంత్రణ లక్ష్యాలతో సహా. ముట్లుడిగాక ఏ లెక్కలోకీ రాం. నడుం వంగితే వయసు అంటారు. జారిపడి తుంటి విరిగితే ‘చూసుకుని నడవాల్సింది’ అంటారు. గుల్లబారిన ఎముక విరిగేదాకా నొప్పి పెట్టదు కనుక తప్పంతా ఆమె నడకదే అయిపోతుంది.

మన దగ్గర ఇది మరీ అన్యాయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశంలో 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయి ఎముక త్వరగా అరుగుతుంది. ముప్పై ఐదేళ్ళకే ఆపరేషనైన కూలి స్త్రీకి ఈ సంగతి ఎవరు చెప్పారు? ఆమె డెక్సా దాకా వెళ్ళదు. భరించలేని పంటినొప్పితో ప్రభుత్వ దంతవైద్య కళాశాలకి మాత్రం వస్తుంది.

అక్కడ తీసే ప్రతి ఓపీజీ రిపోర్టులో దవడ అంచు ఎలా ఉందో రాయాలి. ముట్లుడిగి ఎన్నేళ్ళయింది, అండాశయాలు ఉన్నాయా అని అడగాలి. అనుమానం ఉంటే డెక్సా ఉచితంగా చెయ్యాలి. ఈలోగా మనం, మన అమ్మలం, అత్తలం ఆ ఫిల్ము చేతికి తీసుకుని ‘కింది అంచు చూశారా డాక్టర్?’ అని అడగడం మొదలుపెడదాం.