ఏది సుముహూర్తము?

పగలు 12 గంటలు. అందు రాహుకాలము గంటన్నర, యమగండము గంటన్నర, గుళికము గంటన్నర. ఈ మూడింటిని విడిచినచో మిగులునది ఏడున్నర గంటలు. వారమును బట్టి వచ్చు దుర్ముహూర్తము 48 నిమిషములు. కొన్ని వారములందు అట్టివి రెండు. నక్షత్రమును బట్టి వచ్చు వర్జ్యము సుమారు 4 గడియలు, అనగా గంట 36 నిమిషములు. ఇవన్నియు పగటియందే పడి, ఒకదానిలో నొకటి కలియనినాడు, భయస్థునకు మిగులు పగలు ఐదు గంటలకు అటునిటుగా నుండును. ఆ ఐదు గంటలలో తుమ్ములకును పిల్లులకును పోవు కాలమెంతయో చదువరులే లెక్కించుకొందురు గాక. ఇట్టి లెక్కతో ఒక యింటి వ్యవహారమైనను చక్కబడునా? ఒక జాతి వ్యవహారము చక్కబడునా?

మేము పంచాంగమును పరిహసించుటకు పూనుకొనలేదు. పరిహాసము సులభము, వివేచనమే కష్టము. పంచాంగమను నది మన పూర్వుల కాలజ్ఞానమునకు నిదర్శనము. తిథి, వార, నక్షత్ర, యోగ, కరణములను ఐదంగములలో వారమును విడిచినచో, తక్కిన నాలుగును సూర్యచంద్రుల నడకను కొలిచి కట్టినవే. దినమును 60 గడియలుగను, గడియను 60 విఘడియలుగను విభజించి, రెండు గడియలను ఒక ముహూర్తమనిరి. దినమునకు ముహూర్తములు 30. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై విడిచి, అది నిండి మునుగుటను బట్టి గడియను గుర్తించిరి. నేడు మనము చేతికి కట్టుకొను గడియారమునకు ఆ గడియయే పేరిచ్చినది. సూర్యోదయమునకు సుమారు 96 నిమిషముల ముందు మొదలై, 48 నిమిషముల ముందు ముగియునది బ్రాహ్మీముహూర్తము. ఆ వేళ లేచి పాఠము చదువుకొనుమని పిల్లలకు బోధించిన పెద్దలను తప్పుపట్టువా రెవరు? ఆ బోధనయందు ఉద్యమము కలదు, భయము లేదు. ముహూర్తమను మాట ఒకనాడు మనుష్యుడు ఎప్పుడు మేలుకొనవలెనో చెప్పినది. నేడు ఎప్పుడు కదలకూడదో చెప్పుచున్నది. మా ఫిర్యాదు అంతయు ఈ మార్పును గూర్చియే.

వీథిలో నేడు పెత్తనము చేయుచున్నది రాహుకాలము. సోమవారము 7-30 మొదలు 9 వరకు, శనివారము 9 మొదలు 10-30 వరకు, శుక్రవారము 10-30 మొదలు 12 వరకు, బుధవారము 12 మొదలు 1-30 వరకు. ఈ తీరున గోడకు వ్రేలాడు క్యాలెండరులలో పట్టిక యున్నది. చిన్నపిల్లలకు సైతము ఇది కంఠస్థము. ఈ పట్టిక కేది ఆధారము? ఏడాది పొడవునను సూర్యుడు సరిగా 6 గంటలకు ఉదయించి 6 గంటలకు అస్తమించునని యనుకొనుటయే ఆధారము. విధియన్ననో, ఆయా ఊరి సూర్యోదయాస్తమయముల నడిమి కాలమును 8 భాగములు చేసి, సోమవారమున రెండవ భాగమును, శనివారమున మూడవ భాగమును, ఈ క్రమమున విడువుమనుచున్నది. బెజవాడలో జూను నెలయందు సూర్యోదయము సుమారు 5-40కి. పగలు 13 గంటలు దాటును. అప్పటి సోమవారపు రాహుకాలము 7-15 ప్రాంతమున మొదలై 9 గంటలు కాకమునుపే ముగియును. జనవరి నెలలో సూర్యోదయము సుమారు 6-40కి. పగలు 11 గంటలకు కొంచెము హెచ్చు. అప్పటి సోమవారపు రాహుకాలము 8 దాటిన పిమ్మట మొదలై ఇంచుమించు 9-30 వరకు సాగును. ఇక జనవరి సోమవారమున 9 గంటలు కొట్టువరకు గడపలో నిలిచి, కొట్టగానే 'రాహువు పోయె'నని బయలుదేరిన గృహస్థుడు, తాను నమ్మిన శాస్త్రము చొప్పున, రాహువు నడిబొడ్డుననే అడుగిడుచున్నాడు. అట్లు బయలుదేరినవారు లక్షలు. వారెవరికిని ఆ కారణమున ఆపద వచ్చినట్లు ఎవరును చెప్పలేదు. జాగ్రత్తగల పంచాంగకర్తలు ఊరి సూర్యోదయమును బట్టియే గణించుచున్నమాట నిజము. కాని జనుల కాళ్లకు బంధము వేయుచున్నది వారి గణితము కాదు, గోడమీది పట్టిక.

మరియొక విషయము. గడియారపు గంట దైవనిర్మితము కాదు. అది ప్రభుత్వపు ఉత్తరువు. 82½ రేఖాంశమును బట్టి దేశమంతటికిని ఒక్కటే కాలమును 1906లో నెలకొల్పిరి. అంతకు మున్ను మన సీమలందలి రైళ్లు మద్రాసు కాలమున నడిచెడివి. ఆ రేఖాంశమునకు చేరువనున్న కాకినాడలో ఉదయించిన సూర్యుడు, హైదరాబాదున కానవచ్చుటకు సుమారు 15 నిమిషములు పట్టును. గడియారము మాత్రము రెండుచోట్లను ఒక్కటే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942 సెప్టెంబరు 1 మొదలు 1945 అక్టోబరు 15 వరకు, దేశమందలి గడియారములను ఒక గంట ముందునకు జరిపిరి. ముల్లుతోపాటు రాహువును జరిగెనా? జరిగె నందుమేని, అతడు దొరతనమువారి ఉత్తరువునకు లోబడిన ఉద్యోగి. జరుగలేదందుమేని, ఆ మూడేండ్లును పట్టికను చూచి నడచినవారందరును తప్పువేళనే దాగి, తప్పువేళనే బయలువెడలిరి.

ఇంతకును రాహు వెవడు? సూర్యుని చంద్రుడును, చంద్రుని భూచ్ఛాయయు కప్పుటయే గ్రహణమని క్రీ. శ. 499 నాటికే ఆర్యభటుడు తేల్చెను. వరాహమిహిరుడు ఫలజ్యోతిషమునకు పెద్దదిక్కు. అతడు సైతము తన బృహత్సంహితయందు గ్రహణమునకు రాహువు కారణము కాదని వాదించెను. రాహుకేతువులు చంద్రుని దారి సూర్యుని దారిని ఖండించు రెండు బిందువులు మాత్రమే. వానికి తలయు లేదు, మొండెమును లేదు. ఈ విషయమున మన తెలుగునేలకు ఒక ప్రత్యేకగౌరవము కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించినప్పుడు, ఫ్రెంచి పండితుడు జాన్సెను గుంటూరికి వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలలను వర్ణదర్శినితో పరిశీలించెను. హీలియమను మూలద్రవ్యము లోకమునకు తెలియుటకు ఆ గ్రహణపరిశీలనలే తొలిమెట్టు. రాహువు మ్రింగెనని భయపడిన వేళ, గుంటూరి ఆకాశమునందే ఒక క్రొత్త సత్యమునకు త్రోవ దొరకెను. అది రాహుకాలమా, రాచబాటయా?

ఇక పంచాంగములలో పంచాంగములకే పొత్తు కుదురుట లేదు. పూర్వసిద్ధాంతమును బట్టి గణించువారికిని, దృగ్గణితమును బట్టి గణించువారికిని తిథి అంతమునందు కొన్ని గంటల భేదము వచ్చుట కలదు. ఒకే ఊరిలో ఒకే పండుగను రెండు దినములు చేసికొనుట మనమెరుగనిది కాదు. ఈ గందరగోళమును విచారించుటకై 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతను ఒక సంఘము నియమింపబడి, 1955లో నివేదిక నొసగెను. సంవత్సరమానమునందలి చిన్న దోషము వందలయేండ్లు పోగుపడి, మన పంచాంగములలోని సంక్రాంతి వాస్తవపు ఋతుసంధికి 23 దినములు వెనుకబడినదని ఆ సంఘము చూపెను. దాని ఫలితముగనే 1957 మార్చి 22 మొదలు శకవత్సరమును అనుసరించు జాతీయ పంచాంగము అమలునకు వచ్చినది. అది నేటికిని ప్రభుత్వపు రాజపత్రము మీద నున్నది. ప్రజల నోట లేదు. దినముల లెక్కలోనే ఇంతటి భేదముండగా, నిమిషముల శుభాశుభములకై ప్రాణములు బిగబట్టుట యేపాటి వివేకము?

పెండ్లి మాటయే చూడుడు. 'రాత్రి 2 గంటల 37 నిమిషములకు' అని లగ్నపత్రికయందు అచ్చగును. జీలకఱ్ఱ బెల్లము ఆ నిమిషముననే పెట్టవలెనని ఉభయపక్షములును పట్టుపట్టును. తీరా ఆ నిమిషము వచ్చుసరికి, దీపముల వెలుతురు చాలలేదని ఫొటో తీయువాడు అందరిని ఆపును. శాస్త్రులవారు ఆగుదురు, వధూవరు లాగుదురు, నక్షత్రములు మాత్రమాగవు. గురుశుక్ర మౌఢ్యములును, ఆషాఢమును, శూన్యమాసములును తీసివేయగా మిగిలిన నాలుగు దినములకై వేలకుటుంబములు ఒక్కసారిగ ఎగబడును. మండపము బాడుగ, వంటవాని కూలి, పూలధర ఆకాశమునంటును. ఆడపిల్ల తండ్రి అప్పుపత్రము వ్రాయును. ఆ పత్రమునకు మాత్రము వర్జ్యము అడ్డురాదు. వడ్డీకి రాహుకాలము లేదు.

ఇంతవరకు నవ్వుకొని విడువవచ్చును. నవ్వరానివి రెండు కలవు. మొదటిది పురుడు. కడుపులోని బిడ్డ ఎప్పుడు పుట్టవలెనో పంచాంగము చూచి, ఆ గంటకు శస్త్రచికిత్స చేయుమని వైద్యులను కోరు ఆచారము మన పట్టణములలో పాతుకొనుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, శస్త్రచికిత్సచే కలుగు కాన్పులు దేశమంతట నూటికి 21.5, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7. ఇందులకు ముహూర్త మొక్కటే కారణమని మేమనము. ధనాపేక్షయు, నొప్పుల భయమును, పెక్కు ఇతర కారణములును కలవు. కాని 39 వారములు నిండకమునుపు, వైద్యావసరము లేకయే, మంచి నక్షత్రమునకై తీసిన బిడ్డకు ఊపిరితిత్తుల ఇబ్బంది హెచ్చుగా కలుగునని వైద్యశాస్త్రము ఘోషించుచున్నది. జాతకచక్రము గుండ్రముగా నుండవలెనని బిడ్డ ఊపిరిని పణముగ నొడ్డుట ఏ ధర్మము? ఆతురునకు నియమము లేదని పెద్దలే చెప్పియుండిరి. తల్లి నొప్పులు పడుచుండగా వర్జ్యము దాటనిమ్మని కూర్చుండువారు శాస్త్రమును గాని, దయను గాని ఎరిగినవారు కారు.

రెండవది బాల్యవివాహము. అక్షయతృతీయ యంతయు సుముహూర్తమే. వేరుగ లగ్నము చూడనక్కరలేదని నమ్మకము. దేశమున కొన్ని సీమలందు ఆనాడు పసిబాలికలకు మూకుమ్మడిగ ముడులు పడుచుండుటచేతనే, 2006 సంవత్సరపు బాల్యవివాహ నిషేధచట్టము 13వ సెక్షనులో ఆ దినమును పేరుపెట్టి చెప్పవలసివచ్చినది. అట్టి దినములందు జిల్లా మెజిస్ట్రేటే నిషేధాధికారిగ నుండి అడ్డుపడవలెనని ఆ చట్టము శాసించుచున్నది. ఒక పుణ్యదినము శాసనగ్రంథమున నేరమునకు ఉదాహరణముగ ఎక్కుట కంటె ఆ పుణ్యదినమునకు అవమానము వేరొకటి కలదా? ఆ అవమానమును తెచ్చినవారు నాస్తికులు కారు. ఆ దినమును నమ్మినవారే.

'ఇది మా స్వంత విశ్వాసము. దీనివలన పరులకేమి నష్టము? మంచివేళ ఆరంభించితిమన్న ధైర్యము కలుగుటయైన లాభము కాదా?' అని కొందరు మిత్రులు ప్రశ్నింతురు. న్యాయమైన ప్రశ్నయే. తన గృహప్రవేశమునకు తాను మంచివేళ చూచుకొనువానితో మాకు వివాదము లేదు. ఒకే వేళకు బంధువులందరిని కూర్చుట కైనను ముహూర్తము పనికివచ్చును. మృగశిర కార్తె వచ్చినదని నాగలి సవరించుకొను రైతునకు ఆ లెక్క వానల రాకను గుర్తుచేయును. కాని మంచివేళవలన కలుగు ధైర్యమునకు జోడుగ చెడువేళవలన కలుగు పిరికితనము వచ్చుచున్నది. మొదటిది ఏడాది కొకనాడు, రెండవది దినదినమును. అదియు గాక, కచేరీ బల్లముందు కూర్చున్న ఉద్యోగి తన రాహుకాలము దాటువరకు సంతకము పెట్టనన్నచో, ఆ గంటన్నర ఎవరిది? పల్లెనుండి కూలి మానుకొని వచ్చిన వృద్ధునిది. అచ్చట విశ్వాసము స్వంతము కాదు. పరుని కాలమును అపహరించుటయే. మా వృత్తియందు ఒక మంచి గుణము కలదు. 1963 సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, గడువు తీరునాడు న్యాయస్థానము మూయబడియున్నచో తెరచిననాడు దాఖలు చేయవచ్చును. వర్జ్యమునకై గడువు పొడిగించు సెక్షను ఒక్కటియు లేదు. శాస్త్రీయదృష్టిని పెంపొందించుకొనుట పౌరుని ధర్మమని 1976 నాటి సవరణచే మన రాజ్యాంగమునందే చేర్చుకొంటిమి. ఆ ధర్మము కచేరీ గడపకు ఈవలనే నిలిచిపోరాదు.

కావున మేము కోరునది స్వల్పము. రోగికిని, పురిటాలికిని వేళ చూడకుడు. ప్రజల పనియందు వేళ చూడకుడు. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు ఏ వేళయు సుముహూర్తము కాదని గట్టిగ పలుకుడు. ఇంటి శుభకార్యమునకు చూచుకొందురేని, సెలవుదినమును, బంధువుల సౌకర్యమును, అప్పులేని వ్యయమును కూడ ఆ లగ్నములో గ్రహములుగ లెక్కించుడు.

జాతికి సుముహూర్తము లెట్లు కలుగునో చరిత్ర చెప్పుచున్నది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. ఊరంతయు దానిని దుర్ముహూర్తమనెను. నేడు ఆంధ్రులు దానిని తలచి తలయెత్తుకొనుచున్నారు. 1930 జనవరి 26న దేశమంతట సంపూర్ణ స్వరాజ్యప్రతిజ్ఞ గైకొనబడెను. 1949 నవంబరు 26ననే ఆమోదము పొందిన రాజ్యాంగమును, ఆ ప్రతిజ్ఞాదినమును గౌరవించుటకై, రెండు నెలలు ఆపి 1950 జనవరి 26న ప్రధానముగ అమలునకు తెచ్చిరి. అదియు ముహూర్తము పెట్టుటయే. కాని ఆ ముహూర్తమును నిర్ణయించినవి గ్రహములు కావు, జనుల త్యాగములు. కార్యము గొప్పదైనచో కాలము దానివెంట శుభమగును. మంచిపనికి ముందు వేళ వెదకువాడు ఆ పనికే వేళ లేకుండ చేసికొనును. చేయదగిన పనికి చేయగల శక్తి తోడైన క్షణమే, ఏ వారమైనను, ఏ గడియయైనను, సుముహూర్తము.