మార్పరాని పత్రమును ముందుగానే పరీక్షింపవలెను

మన గ్రామములలో పొలము కొనువాడు దస్తావేజు వ్రాయించిన పిమ్మట, చదువెఱిగిన పొరుగువానిని పిలిచి, దానిని మొదటినుండి చివరవఱకు చదివించి వినినగాని వ్రాలు చేయడు. హద్దులు సరిగా నున్నవా, విస్తీర్ణము తప్పలేదుగదా, అమ్మువాని తోబుట్టువులకు అందు హక్కు మిగిలియున్నదా అని యొక్కొక్కటియే అడిగి తెలిసికొనును. ఇది అనుమానము కాదు, వివేకము. ఇంత చేసినను దోషము మిగిలినచో న్యాయస్థానము కలదు, సవరణ దస్తావేజు కలదు. అయితే అట్టి సవరణకు తావులేని క్రొత్తవిధమగు పత్రములు మన కాలమున పుట్టినవి. వానిని స్మార్టు కాంట్రాక్టులందురు. వానియందలి దోషములను వెదకు ఉపకరణములను గూర్చియు, ఆ పరీక్షను మానుట యెంతటి తప్పిదమో దానిని గూర్చియు నాకు తోచిన నాలుగు మాటలు మన విద్యార్థులకు చెప్పదలచితిని. కంప్యూటరు విద్య నభ్యసించుచున్న వీరిలో కొందఱు రేపు ఇట్టి పత్రములను వ్రాయబోవువారే గదా!

ఈ పేరును 1990వ దశకమున నిక్ సాబో అను పండితుడు పెట్టెను. నాణెము వేసినంతనే వస్తువు నిచ్చు యంత్రమును ఆయన దృష్టాంతముగా జూపెను. అచ్చట అంగడివాడు లేడు, బేరము లేదు. షరతు నెరవేఱినచో పని జరిగి తీరును. 2015వ సంవత్సరము జూలై 30వ తేదీన ఈథీరియం అను జాలము ప్రారంభమైనది మొదలు ఇట్టి పత్రములు విరివిగా వ్రాయబడుచున్నవి. సాలిడిటీ అను భాషలో షరతులు వ్రాసి ఒకసారి ఆ జాలమునందు నిలిపినచో, వ్రాసినవాడు సైతము అందొక అక్షరమునైనను మార్పజాలడు. జనుల ధనము ఆ పత్రము చేతిలోనే యుండును. మార్పునకు దారి ముందుగానే అమర్చుకొన్న పత్రములును గలవు గాని, ఆ దారి దొంగకు సైతము ద్వారము కావచ్చును.

దానియేలు చరిత్రను ఎఱిగినవారికి ఇచ్చట దర్యావేషు రాజు జ్ఞాపకము రాకమానడు. మేదీయుల యొక్కయు పారసీకుల యొక్కయు పద్ధతి ప్రకారము రాజు ముద్రవేసిన శాసనమును రాజే రద్దుచేయజాలడు. మంత్రులు తెచ్చిన శాసనముపై ఆయన ముద్రవేసెను. అది ఎవరిమీద పడునో విచారింపలేదు. పిమ్మట తన ప్రియసేవకుని తప్పింపవలెనని సూర్యాస్తమయమువఱకు పాటుపడెను గాని ఫలము లేకపోయెను. ఆయనయందు దయ లేకపోలేదు. విచారింపక ముద్రవేయుటయే ఆయన చేసిన తప్పు. మార్పరాని పత్రమును వ్రాయు ప్రతివాడును ఆ సింహాసనముపై కూర్చున్నట్లే.

ఇది వట్టి ఉపమానము కాదు. 2016వ సంవత్సరమున 'ది డావో' అను ఉమ్మడి పెట్టుబడి నిధి ఈథీరియంపై స్థాపింపబడెను. ఏప్రిలు నెలాఖరునుండి మే నెలాఖరువఱకు వేలకొలది జనులు అందు చేర్చిన ధనము దాదాపు 15 కోట్ల డాలర్ల విలువ గలది. జూన్ 17వ తేదీన ఎవరో యొకడు అందుండి సుమారు 36 లక్షల ఈథరును తనవైపునకు త్రిప్పుకొనెను. వాడు తాళము పగులగొట్టలేదు, దొంగవ్రాలు చేయలేదు. పత్రమునందలి వాక్యముల క్రమమే వానికి దారి యిచ్చెను.

ఆ దోషమును ఒక సహకార సంఘపు గుమాస్తాను ఉదాహరణముగా గొని చెప్పెదను. ఒక సభ్యుని పేర నూరు రూపాయలు కలవనుకొనుడు. గుమాస్తా మొదట రూపాయలు చేతికిచ్చి, ఆ పిమ్మట లెక్కపుస్తకమున తీసివేత వ్రాయు నలవాటు గలవాడు. సభ్యుడు రూపాయలు అందుకొన్నతోడనే, గుమాస్తా కలమెత్తకమునుపే, "నా నూరు రూపాయలిండు" అని మరల నడుగును. పుస్తకమున ఇంకను నూరే కనబడుచుండుటచే గుమాస్తా మరల నిచ్చును. పెట్టె ఖాళీయగువఱకు ఇట్లే జరుగును. మనుష్యుడైన గుమాస్తా రెండవసారికే మేల్కొనును. యంత్రమునకు ఆ మెలకువ లేదు. దీనిని రీఎంట్రన్సీ దోషమందురు. దీనికి ముఖ్యమైన మందు మిక్కిలి సులభమైనది: ముందు లెక్క తగ్గించి, పిమ్మట ధనమిచ్చుట. రెండు పనులు తారుమారైనందున అంతటి నిధి కూలినది.

అదృష్టవశమున ఆ ధనము కొన్ని దినములవఱకు బయటికి తీయరాని నిబంధనలో చిక్కియుండెను. కావున 2016 జూలై 20వ తేదీన జాలము నడపువారు చాలమంది కూడి, జాలపు నియమములనే మార్చి, సొమ్మును సొంతదారులకు మరలించిరి. అందుకు సమ్మతింపనివారు పాత దారినే పోయిరి. వారి జాలము ఈథీరియం క్లాసిక్ అని పేరొందెను. ఒక్క పత్రపు దోషమువలన ఒక సమాజమే రెండుగా చీలెను. అంతటి చికిత్స ప్రతిసారియు జరుగునా? జరుగదు. 2017 నవంబరు 6వ తేదీన పారిటీ అను సంస్థవారి ఉమ్మడి ధనపేటికలకు ఆధారమైన పత్రము ఒక వాడుకరిచే నాశము కాగా, దాదాపు 5,13,000 ఈథరు ఎవరికిని అందకుండ స్తంభించిపోయెను. దానిని విడిపింపవలెనని చేసిన ప్రతిపాదనలు అంగీకరింపబడలేదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట యనగా నిదియే.

ఇక ఉపకరణముల మాట. ట్రెయిల్ ఆఫ్ బిట్స్ అను సంస్థ 2018వ సంవత్సరమున 'స్లిథరు' అను దానిని లోకమునకు ఉచితముగా నిచ్చెను. ఇది కమాండ్ లైనునుండి నడచునది. బొమ్మలు లేవు, అలంకారములు లేవు. తెరపై దాని పేరును, ప్రక్కన పత్రమున్న చోటును టైపుచేసి, ఎంటరు మీట నొక్కిన చాలును. అది పత్రమును నడిపి చూడదు, చదివి చూచును. సాలిడిటీ వాక్యములను సులభమగు మధ్యరూపమునకు మార్చి, తొంబదికి పైబడిన దోషలక్షణములతో పోల్చును. లెక్క తగ్గింపకమునుపే ధనము పంపుట, ఎవరైనను ధనమును కోరినచోటికి పంపగలుగుట, ఎవరైనను పత్రమును నాశము చేయగలుగుట మొదలగునవి అందు చేరినవి. దోషమున్న పంక్తి సంఖ్యను, దానివలన కలుగు కీడు ఎంతటిదో దానిని, తన నిశ్చయము ఎంతమాత్రమో దానిని సైతము తెలుపును. 'మిథ్రిల్' అనునది మఱియొక ఉపకరణము. అది బీజగణితమునందువలె సంఖ్యలకు బదులు గుర్తులనుంచి, ఏ దారిన పోయిన కీడు కలుగునో గణించి వెదకును. చిన్న పత్రమునకు స్లిథరు పరీక్ష క్షణములలో ముగియును. ఒక పైసా వ్యయము లేదు. ఇట్టి స్థితిలో పరుల ధనమును చేపట్టు పత్రమును పరీక్షింపక నిలుపుట తొందరపాటు మాత్రమే కాదు, విశ్వాసద్రోహమని నా యభిప్రాయము.

దీనికి కొందఱు ఆక్షేపణ చెప్పుదురు. ఈ ఉపకరణములు లేని దోషములను ఉన్నట్లు జూపి విసిగించునని వారి వాదము. అది కొంతవఱకు నిజమే. అయితే ఉపాధ్యాయుడు వ్యాసమునందు ఎఱ్ఱగీత గీచినప్పుడు విద్యార్థి రెండు పనులలో నొకటి చేయవలెను: తప్పును దిద్దుకొనవలెను, లేదా అది తప్పుకాదని కారణము చెప్పవలెను. గీతలు మెండుగా నున్నవని పుస్తకమును మూసివేయువానిని మనము మెచ్చుకొందుమా? ప్రతి హెచ్చరికకును దిద్దుబాటో, వ్రాతపూర్వకమగు కారణమో ఉండితీరవలెను. కారణము వ్రాయబూనినప్పుడే తన తప్పు తనకు కనబడుట తఱచు జరుగునని ఎఱ్ఱసిరాతో ఇరువది యేండ్లు గడపిన నేనెఱుగుదును.

మఱికొందఱు దీనికి ఎదురుగా పోవుదురు. ఉపకరణము ఏ దోషమును చూపలేదు గావున తమ పత్రము క్షేమకరమని చాటుకొందురు. ఇది మొదటిదానికంటె అపాయకరమైనది. వ్యాకరణదోషము లేని వ్యాసమంతయు సత్యమని చెప్పగలమా? నూటికి రెండు వంతులు వడ్డీ ఇయ్యవలసినచోట ఇరువది యని వ్రాసినను స్లిథరు పలుకదు; వ్రాసినవాని ఉద్దేశము దానికి తెలియదు. మఱియు పత్రమునకు వెలుపలి దోషములు దానికి కనబడవు. 2022 మార్చి 23వ తేదీన రోనిన్ అను వారధినుండి 1,73,600 ఈథరును, 2 కోట్ల 55 లక్షల యూఎస్‌డీసీ నాణెములును అపహరింపబడెను. అచ్చట చెడినది పత్రము కాదు. తొమ్మండుగురు సాక్షులలో ఐదుగురి రహస్యపు తాళములు దొంగల చేజిక్కినవి. ఆఱు దినములు గడచువఱకు ఆ నష్టమును ఎవరును గమనింపనైరి. కావలివాడు నిద్రించినచో ఏ ఉపకరణము రక్షింపగలదు?

ఇంకొక మాట చెప్పక విడువరాదు. డావో సొమ్ము పోయిన దినములలో, పత్రము అనుమతించినది గావున అది దొంగతనమే కాదని వాదించినవారు కలరు. ఇట్టి వాదము మన పిల్లల చెవికి ఇంపుగా నుండవచ్చును. అందుచేతనే దానిని ఖండించుచున్నాను. పొరుగువాడు తలుపు గడియ మఱచినంతమాత్రమున వాని ధాన్యము మనది కాదు. ఈథీరియంపై నిలిచిన పత్రములలో పెక్కింటి మూలవాక్యములు బహిరంగముగా దొరకును. కావున ఈ ఉపకరణము కాపాడువాని చేతిలో ఎట్లో, దోచువాని చేతిలోనూ అట్లే పనిచేయును. పరుల పత్రమున దోషము కనబడినచో, పరీక్షార్థమని ఒక్క నాణెమునైనను ముట్టక, దానిని చాటక, వ్రాసినవారికి రహస్యముగా తెలుపవలెను. అట్లు తెలిపినవారికి బహుమానమిచ్చు సంస్థలు పెక్కు కలవు. బహుమానము రాకున్నను ధర్మము ధర్మమే.

కాబట్టి ప్రియవిద్యార్థులారా, మీరు ఇట్టి పత్రమును వ్రాయు దినము వచ్చినప్పుడు ఈ క్రమమును మఱవకుడు. మొదట ఉపకరణముచే చదివింపుడు. ఒక పంక్తి మార్చినను మరల చదివింపుడు. ఆ పిమ్మట, మీరు వ్రాసినదానిని మెచ్చుకొను స్నేహితునికి గాక, తప్పుపట్టు స్నేహితునికి చూపుడు. విలువలేని నాణెములతో నడచు ప్రయోగజాలమున నడిపి చూడుడు. అప్పుడే నిజమైన జాలమున నిలుపుడు. ఆ పత్రమునందు ధనికుని నిధియే కాదు, బీద విధవరాలి రెండు కాసులును ఉండవచ్చును. ఆమెకు సాలిడిటీ రాదు, మిమ్ములను నమ్మి మాత్రమే ఇచ్చినది. దర్యావేషు తన ప్రియసేవకుని తప్పింపలేకపోయిన రాత్రి నిద్ర యెఱుగడు. ముద్రకు ముందు ఒక గడియ మెలకువతో చదివియుండినచో ఆ రాత్రి ఆయన సుఖముగా నిద్రించియుండును.